ఇంట్లో గిటార్‌కి ఎన్ని వాట్లు కావాలి?

ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లకి రెండో రోజే వచ్చే డౌటు: "యాంప్ ఏది కొనాలి?" హాస్టల్లో ఎవర్నడిగినా ఒకటే సమాధానం: "ఎక్కువ వాట్లది తీసుకోరా, మళ్లీ మళ్లీ కొంటామా?" నేనూ అదే నమ్మాను. మాది చాట్రాయి. వేసవి సెలవుల్లో మామిడికాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులో పనిచేసి దాచుకున్న డబ్బులతో, సెకండ్ హ్యాండ్‌లో 50 వాట్ల యాంప్ కొన్నాను. రెండు నెలలు తిరక్కుండానే నష్టానికి అమ్మేశాను. నాలాగా ఇంకొకరు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

వాట్ల లెక్క

ఆ యాంప్ ఇంటికి తెచ్చిన సాయంత్రం వాల్యూం 2 దాకా తిప్పాను. వరండాలో పడుకున్న తాతయ్య లేచి కూర్చుని, "ఏరా, తోటలో కోతుల్ని తోలడానికి తెచ్చావా దాన్ని?" అన్నాడు. ఆ రోజు నుంచి నాబ్ 1 దాటలేదు. అక్కడేమో వెంట్రుకవాసి తిప్పితే వినపడదు, ఇంకొంచెం తిప్పితే ఇల్లంతా మోత. గిటార్ శబ్దం కంటే యాంప్ గుర్రుమనే శబ్దమే ఎక్కువ.

ఇందులో ఉన్నది మనం చదువుకున్న లాగరిథమే. పవర్ రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి "రెట్టింపు అయింది" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ అనుకుందాం. దానికి 10 వాట్లిస్తే 100, 50 వాట్లిస్తే 107. అంటే 50 వాట్ల యాంప్ మోత 10 వాట్ల దానికి రెట్టింపు కూడా కాదు. ఇంకో వైపు నుంచి చూడండి. మామూలు మాటలు 60 డెసిబెల్స్ ఉంటాయి. గదిలో ప్రాక్టీసుకి 80 అంటే ఎక్కువే. అదే స్పీకర్‌కి 80 కావాలంటే వాటులో పదో వంతు చాలు! మిగతా 49 వాట్లకి నేను ఊరికే డబ్బు కట్టానన్నమాట.

సాలిడ్ స్టేట్ ఎందుకు?

"ట్యూబ్ యాంప్ సౌండే వేరు" అంటారు, నిజమే. కానీ చాలా ట్యూబ్ యాంపుల అందం వాటిని గట్టిగా తోసినప్పుడు బయటికొస్తుంది. అది ఇంట్లో కుదరదు. ట్యూబులు వేడెక్కాలి, అరిగితే మార్చాలి, లోపల వందల వోల్టులుంటాయి. ట్రాన్సిస్టర్లు, ఆప్-ఆంప్‌లతో చేసిన సాలిడ్ స్టేట్ యాంప్ స్విచ్ వేయగానే పలుకుతుంది, బరువు తక్కువ, ధర తక్కువ. ఇది చౌకబారు సరుకేమీ కాదు. రోలండ్ వాళ్లు 1975లో తెచ్చిన జాజ్ కోరస్ 120 సాలిడ్ స్టేటే. శుభ్రమైన సౌండ్‌కి ఇప్పటికీ దాని పేరే చెప్తారు.

మరి ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కి కలిపితే? నేను అదీ చేశాను. మామూలు గిటార్ పికప్‌కి మెగా ఓమ్ దరిదాపుల్లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కావాలి. ఆక్స్ సాకెట్లో ఉండేది కొన్ని పదుల కిలో ఓమ్‌లే. దాంతో పైస్థాయి స్వరాల మెరుపు పోయి, గిటార్ దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. తప్పు వేళ్లదో సౌండ్‌దో తెలియక, "నాకు రాదేమో" అని నేను నెల రోజులు గిటార్ ముట్టలేదు. యాంప్ సరిగా లేకపోతే అసలు నష్టం అక్కడే.

ముందు క్లీన్ సౌండ్ వినండి

కొత్తవాళ్లం షాపులో గెయిన్ మొత్తం పెంచి వాయిస్తాం. గెయిన్ పెరిగితే గట్టి మీటు, మెత్తని మీటు ఒకేలా వినపడతాయి. అంటే చేతిలో ఉన్న హెచ్చుతగ్గులు దాగిపోతాయి. నేర్చుకునేవాడికి అవి వినపడాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని గుర్తుచేసుకోండి. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆయన కర్ణాటక సంగీతం గమకాలన్నీ పలికించారు. అంత సన్నని కదలిక జనానికి చేరాలంటే యాంప్ అడ్డు పడకూడదు, ఏమీ దాచకూడదు. మన ప్రాక్టీసు యాంప్‌కి పెట్టాల్సిన పరీక్ష కూడా ఇదే: తక్కువ వాల్యూంలో, క్లీన్ సౌండ్‌లో మన తప్పు మనకి చెప్పాలి.

ఎర్త్ లేకపోతే ఏదీ వద్దు

ఇది మాత్రం దాటేయకండి. పాత యాంప్‌తో వాయిస్తుంటే తీగల మీద వేళ్లకి చిమచిమలాడేది. మొదట చలువ అనుకున్నాను. ఊళ్లో ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పి, "అబ్బాయ్, సాకెట్‌కి మూడు కన్నాలున్నాయి గానీ పై కన్నానికి వైరే లేదు" అన్నాడు. మామూలుగా గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా యాంప్ చాసిస్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే చాసిస్ మీదికొచ్చిన లీకేజీ మన చేతుల్లోకే. యాంప్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజు అది చిమచిమతో ఆగదు. 1972లో స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్లీ హార్వీ ఎర్త్ లేని మైక్ పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. మా ఇంటి పక్కన గొయ్యి తీసి, పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ కట్టించాం. వేళ్ల చిమచిమ పోయింది, గుర్రు కూడా చాలా తగ్గింది. మూడో పిన్ను విరగ్గొట్టి టూ పిన్‌లో పెట్టే పని ఎప్పుడూ చేయొద్దు. బయట దేశం నుంచి ఎవరైనా తెస్తే వెనక 230 వోల్టులు అని ఉందో లేదో చూడండి. 120 వోల్టులది మన సాకెట్లో పెడితే అంతే సంగతులు.

ఏవి చూడొచ్చు?

ధరలు రాయట్లేదు, మామిడి రేటులాగా మారుతుంటాయి. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జీ: 10 వాట్లు, 6 అంగుళాల స్పీకర్, హెడ్‌ఫోన్ సాకెట్, ఫోన్‌లో పాట కలుపుకోడానికి ఆక్స్. ఆరెంజ్ క్రష్ 12: 12 వాట్లు, బేస్, మిడిల్, ట్రెబుల్ మూడూ విడివిడిగా, హెడ్‌ఫోన్ కూడా. మా ఊళ్లోలాగా గాలివాన వస్తే కరెంటు పోయే చోట రోలండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ పనికొస్తుంది. 3 వాట్లే, కానీ ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. లోపల డిజిటల్ మోడలింగ్ కాబట్టి కచ్చితంగా ఇదే కోవ కాదు గానీ, వాడకం అదే.

షాపుకి వెళ్తే ఇలా చేయండి:

1. మీ గిటారే తీసుకెళ్లండి. షాపువాళ్ల ఖరీదైన గిటార్‌తో ఏ యాంపైనా బాగుంటుంది.
2. గెయిన్ తగ్గించి, మామూలుగా మాట్లాడుకునేంత వాల్యూంలో ఒక్క తీగ మీటండి. అది ఆరిపోయేదాకా వినండి. చివర్లో బరబర వస్తే వద్దు.
3. గెయిన్ సగం పెంచి ఒక కార్డ్ వాయించండి. తీగలు విడివిడిగా తెలియాలి, ముద్ద కాకూడదు.
4. హెడ్‌ఫోన్ పెట్టండి. స్పీకర్ ఆగిపోవాలి, చెవిలో సౌండ్ కర్కశంగా ఉండకూడదు. రాత్రి పదకొండుకి వాయించేది దీంతోనే.
5. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబ్ తిప్పండి, కేబుల్ కదపండి. కరకరమంటే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

ఇంటికొచ్చాక యాంప్‌ని నేల మీద, మూలకి పెట్టకండి, బేస్ ఊరికే ఉబ్బుతుంది. కుర్చీ మీద పెడితే స్పీకర్ చెవులకి ఎదురుగా ఉంటుంది, చెయ్యి చేసిన తప్పు సూటిగా వినపడుతుంది.

ఇప్పుడు నా దగ్గరున్నది 10 వాట్లది. దాని వాల్యూం కూడా 3 దాటదు. మిగిలిన డబ్బుతో తీగల సెట్టు, క్లిప్ ట్యూనర్ కొన్నాను. మీరు కూడా కొనేముందు వాట్లు కాదు, ఇంట్లో ఎవరు ఎన్నింటికి పడుకుంటారో లెక్కేసుకోండి. అంతకంటే ముందు, మీ గదిలో ఆ పై కన్నానికి వైరుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.