నీటి ఒడ్డున పరుగు: ఎల్లారెడ్డిలో కొత్తగా మొదలుపెట్టేవారికి

విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే రోడ్డుంది. పొద్దున్నే అక్కడ పరుగెత్తేవాళ్లను చూస్తే ఎవరికైనా కాళ్లు ఊరుకోవు. ఎల్లారెడ్డివాళ్లకు సముద్రం లేదు గాని నీటి ఒడ్డుకు కొదువ లేదు. ఒక దిక్కు మంజీర మీద కట్టిన నిజాంసాగర్, ఇంకో దిక్కు నాగిరెడ్డిపేట మండలంలో పోచారం, ఇవి గాక ఊరూరికీ ఒక చెరువు కట్ట. ఇంత ఉన్నా ఇక్కడ మబ్బుల లేచి ఉరికేది ఎక్కువగా పోలీసు కొలువుకు తయారయ్యే పిల్లలే. 2022 కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని పెట్టారు. వాళ్ల కష్టం వేరు, వాళ్ల గడియారం వేరు. నేను రాస్తున్నది ముప్పై దాటినవాళ్లకు, పొట్ట కనిపించడం మొదలైనవాళ్లకు, డాక్టరు చెబితేనే చెప్పులు వదిలి బూట్లు తొడిగేవాళ్లకు. వీళ్లు మొదట నేర్చుకోవాల్సింది వేగం కాదు, దారి ఎంచుకోవడం.

బయల్దేరే ముందు

నలభై దాటినా, బీపీ, షుగరు, గుండె జబ్బు ఏదున్నా ఒకసారి డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి. ఇన్సులిన్ వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ పొట్లమో నాలుగు చక్కెర బిళ్లలో పెట్టుకోవాలి. బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, ఆ పాదానికి సరిపోయినవే పరుగులోనూ సరిపోతాయి. నిలబడినప్పుడు పెద్ద వేలి ముందు బొటనవేలు వెడల్పు జాగా మిగలాలి. ఖరీదైన బ్రాండ్ అక్కర్లేదు. బిగుతు లేకుండా, మడమ జారకుండా ఉంటే చాలు. ఆడవాళ్లు పంజాబీ డ్రెస్సులోనే హాయిగా పరుగెత్తవచ్చు, చున్నీ మాత్రం నడుముకు కట్టుకోండి.

మొదటి తొమ్మిది వారాలు ఊరు దాటొద్దు

పోచారం అందం చూసి మొదటి రోజే అక్కడికి పోవాలనిపిస్తుంది. పోకండి. మీ ఊరి చెరువు కట్టో బడి మైదానమో చాలు. అలసిపోతే ఇల్లు దగ్గర ఉండాలి.

1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు, పరుగంటే ఆమడ దూరం పోయే తన తల్లిని దృష్టిలో పెట్టుకుని తొమ్మిది వారాల పద్ధతి ఒకటి రాశాడు. సోఫాలో కూర్చునే మనిషిని ఐదు కిలోమీటర్ల దాకా తీసుకుపోయే ఆ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాని కిటుకు నడకనూ పరుగునూ కలపడంలో ఉంది. మన ఎండకూ మన ఒంటికీ తగ్గట్టు కొంచెం నెమ్మదిగా ఇలా చేయొచ్చు. మొదటి రెండు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిది సార్లు. మూడు, నాలుగు వారాల్లో రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. ఐదు, ఆరు వారాల్లో నాలుగు నిమిషాల పరుగుకు రెండు నిమిషాల నడక, ఐదు సార్లు. ఏడు, ఎనిమిదిలో ఎనిమిది నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, మూడు సార్లు. తొమ్మిదో వారంలో ఇరవై నిమిషాలు ఆగకుండా. వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు. ఒక వారం కష్టమనిపిస్తే అదే మళ్లీ చేయండి, ఎవరూ అడగరు.

ఎంత వేగం అని అడుగుతారు. పక్కవాళ్లతో పూర్తి మాటలు మాట్లాడుతూ పోగలిగినంత. అవునూ కాదూ అన్నంత వరకే నోరు పెగులుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మోకాలిలో ఒకే చోట పోటు, వీటిలో ఏది వచ్చినా ఆ రోజు అక్కడితో ఆపేయాలి. పిక్కలు పట్టేయడం మాత్రం మామూలే, రెండు రోజుల్లో పోతుంది.

ఇప్పుడు దారి

నీటి ఒడ్డున పరుగుకు ఒక లెక్క ఉంది. ఊళ్లో అయితే చుట్టు తిరిగి ఇంటికి చేరతాం. నిజాంసాగర్ చుట్టూ తిరిగి రావడం కొత్తవాళ్ల పని కాదు. అందుకే ఇక్కడ ప్రతి దారీ పోయి రావాల్సిందే, పోయినంతా తిరిగి రావాల్సిందే. ఇంకా పోగలను అనిపించినప్పుడే వెనక్కి తిరగండి. వానకాలంలో పడమటి గాలి కట్ట మీద గట్టిగా కొడుతుంది. పోయేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలితో కలిసి వచ్చేలా చూసుకుంటే అలసిన కాళ్లకు సాయం దొరుకుతుంది. దూరం కొలవడానికి ఫోన్ ఉంది. లేకపోతే ఒకసారి బండి మీద పోయి మీటరు చూసి, మలుపు తిరగాల్సిన చోట ఒక చెట్టునో తూమునో గుర్తు పెట్టుకోండి.

నా ఓటు ముందు నిజాంసాగర్‌కే. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ఆనకట్టకు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటి కట్టడం. కట్ట పొడవు దాదాపు మూడు కిలోమీటర్లు, పైన రోడ్డుంది. ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వస్తే సుమారు ఆరు కిలోమీటర్లు. తొమ్మిది వారాలు పూర్తయినవాళ్లకు, మధ్యలో నడక కలుపుకుంటే, సరిగ్గా సరిపోయే దూరం. ఎత్తుపల్లాలు లేవు, ఒక పక్క కనుచూపు మేర నీళ్లు. పూర్తి నీటిమట్టం 1405 అడుగులు. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 17.8 టీఎంసీలకు తగ్గింది. రోడ్డు వెడల్పు తక్కువ కాబట్టి ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన పోవాలి. చెవుల్లో పాటలు వద్దు. కట్ట ప్రభుత్వానిది, సిబ్బంది ఆగమంటే ఆగాలి.

పోచారం చిన్నది, ఇంకా అందమైనది. 1916 నుంచి 1922 మధ్య మంజీర ఉపనది అయిన ఆలేరు వాగు మీద కట్టారు. నిండితే మత్తడి దుంకుతుంది. ఆ రోజుల్లో మెదక్ నుంచీ కామారెడ్డి నుంచీ జనం తరలివస్తారు, పరుగుకు జాగా ఉండదు. జనం లేని రోజు ఎంచుకోండి. పక్కనున్న అడవి ఒకప్పుడు నిజాముల వేట అడవి, ఇప్పుడు అభయారణ్యం. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. అందుకే తెల్లవారాకే బయల్దేరాలి, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి బాటలు పట్టకూడదు, ఒంటరిగా అసలే పోకూడదు. చలికాలంలో వలస వచ్చిన పట్టెతల బాతులు కనిపిస్తే మాత్రం పరుగు ఆపి చూడండి, టైము పోయినా ఫర్వాలేదు.

మూడోది కాలువ గట్టు. నిజాంసాగర్ ప్రధాన కాలువ బాన్సువాడ వైపు సాగిపోతుంది. గట్టు మీద మట్టి బాట, తారు రోడ్డు కన్నా మోకాళ్లకు మెత్తన. వాన పడ్డ మర్నాడు మాత్రం నల్లరేగడి బూటుకు అంగుళం మందాన అంటుకుంటుంది.

వేసవిలో నీళ్లు వెనక్కి పోయి శిఖం భూమి బయటపడుతుంది. పైనుంచి చూస్తే ఇసుక బీచ్ లాగే విశాలంగా ఉంటుంది. అక్కడ ఉరకొద్దు. ఎండిన ఒండ్రు పగుళ్లలో పాదం ఇరుక్కుంటే చీలమండ పోతుంది, పైన గట్టిగా కనిపించి కింద బురద ఉండే చోట్లూ ఉంటాయి. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లలోకి దిగడం కూడా మంచిది కాదు. మంజీరలో మొసళ్లున్నాయి. ఎగువన సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యానికి పేరు వచ్చిందే వాటి వల్ల.

హైదరాబాద్ నుంచి మెదక్, ఎల్లారెడ్డి మీదుగా పోయే జాతీయ రహదారి పరుగుకు పనికిరాదు. లారీలు, బస్సులు, అంచున జాగా లేదు. అక్కడ నడక కూడా వద్దంటాను.

కాలాన్ని బట్టి

మే నెలలో ఇక్కడ ఆరు కాకముందే తెల్లవారుతుంది, జనవరిలో ఆరున్నర దాటుతుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే రోజుల్లో ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి. పోయే ముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ చాలు. అరగంట పరుగుకు రంగు సీసాల ఎనర్జీ డ్రింకులు దండగ.

వరి కోతలప్పుడు ఊరి రోడ్లన్నీ కల్లాలే. వడ్లు సగం రోడ్డు దాకా ఆరబోస్తారు. వాటి మీద నుంచి ఉరికితే కాలు జారుతుంది, పైగా అది ఒకరి ఆరు నెలల కష్టం. ఆ నెలల్లో కట్టో మైదానమో చూసుకోండి.

వానకాలంలో గడ్డి పెరిగిన గట్ల మీద పాములుంటాయి. కాలు పెట్టే చోటు కనిపించాలి. కాటు పడితే పసరు మందు దగ్గరికి పోకుండా, కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానాకు పోవాలి. పాము కన్నా నేను ఎక్కువ భయపడేది కరెంటు తీగకు. అడవి పందుల కోసం కొందరు చేన్ల చుట్టూ దొంగతనంగా తీగలు కట్టి కరెంటు పెడతారు, అవి మనుషుల ప్రాణాలూ తీశాయి. చీకట్లో బాట దిగి అడ్డదారిన చేలోకి అడుగు పెట్టొద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, చాలాసార్లు అవీ ఆగుతాయి. వీటన్నిటికీ ఒకటే మందు, తోడు. ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం, ఎటు పోతున్నారో ఇంట్లో చెప్పి పోవడం. ఆడవాళ్ల గుంపు ఒకటి తయారైతే ఊళ్లో మిగతావాళ్ల ధైర్యమూ పెరుగుతుంది.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచిన వాన గుర్తుండే ఉంటుంది. పోచారం మీద నుంచి వరద ఎలా పొర్లిందో ఈ ప్రాంతమంతా చూసింది. ఎగువన సింగూరు గేట్లు ఎత్తారంటే ఆ నీళ్లు నిజాంసాగర్‌కే వస్తాయి. ఆ వార్త విన్న రోజు కట్ట దిక్కు పోకండి. మత్తడి చూడాలని ఉన్నా సరే, బడి మైదానంలో నాలుగు చుట్లు తిరిగి ఇంటికి రండి.