ఆంగ్ల లేఖలలో ‘బహుశా’కును ‘తప్పక’కును గల భేదము

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు లేఖలలో కొన్ని నేటికిని ఆంగ్లమున నుండును. వానిలో ఒక్క చిన్న మాటను పొరబడి గ్రహించినను నష్టము కలుగవచ్చును. ‘నిధులు ప్రాబబ్లీ మార్చిలో విడుదలయగును’ అను లేఖను చూచి, సొమ్ము చేతికి వచ్చినట్లే తలచి పని ప్రారంభించినచో, కూలి బకాయిలకు పంచాయతీయే సమాధానము చెప్పుకొనవలసి వచ్చును.

ఒక కార్యము జరుగుటకు గల అవకాశమును తెలుపు ఆంగ్ల క్రియావిశేషణములను మూడు మెట్లుగా అమర్చుకొనవచ్చును.

1. పాసిబ్లీ, పర్‌హాప్స్, మేబీ: జరుగవచ్చును, జరుగకపోవచ్చును.

2. ప్రాబబ్లీ: జరుగుటకే అవకాశ మెక్కువ, అయినను నిశ్చయము కాదు.

3. సర్టెన్లీ, డెఫినిట్లీ: తప్పక జరుగును.

మన ‘బహుశా’ అను మాట మొదటి రెండు మెట్లకును చెల్లుచున్నది. పొరపాటునకు ముఖ్యకారణ మిదియే. కావున తెలిగించునపుడు ప్రాబబ్లీని ‘చాలవరకు’ అనియు, పర్‌హాప్స్‌ను ‘ఒకవేళ కావచ్చును’ అనియు వ్రాయుట మేలు.

వాక్యమున వీని స్థానమును గమనింపవలెను. పర్‌హాప్స్, మేబీ సాధారణముగా వాక్యారంభమున వచ్చును. ప్రాబబ్లీ, సర్టెన్లీ, డెఫినిట్లీ అనునవి తరచుగా ‘విల్’ వంటి సహాయక క్రియ తరువాత నుండును: ‘ది రోడ్ విల్ ప్రాబబ్లీ బి సాంక్షన్డ్’. ‘నాట్’ చేరినపుడు మరింత జాగ్రత్త వలయును. ‘డెఫినిట్లీ నాట్’ అనగా ఎంతమాత్రమును కాదని యర్థము. ‘నాట్ డెఫినిట్లీ’ అనగా ఇంకను నిశ్చయము కాలేదని యర్థము.

వాతావరణ ప్రకటనలలో కనిపించు ‘లైక్లీ’ అను మాటయు ఈ కోవలోనిదే. వ్యాకరణరీత్యా అది అచ్చట విశేషణమైనను భావము అవకాశమే. భారత వాతావరణ శాఖ దీనికి కొలతలు నిర్ణయించినది: లైక్లీ అనగా నూటికి 25 నుండి 50 పాళ్ల అవకాశము, వెరీ లైక్లీ అనగా 50 నుండి 75 పాళ్లు, మోస్ట్ లైక్లీ అనగా 75 పాళ్లకు పైన. వ్యవహారమున లైక్లీ అనినచో సగమునకు మించిన అవకాశమని తోచును. ఈ ప్రకటనలలో మాత్రము అట్లు కాదు.

అట్లని ఆ ప్రకటనను ఉపేక్షింపరాదు. ధనము వెచ్చించు విషయమున నిశ్చయము తెలియు వరకు ఆగవలెను. ప్రాణములకు ముప్పున్న విషయమున అవకాశ మున్నదని తెలిసిన చాలును, వెంటనే సన్నద్ధులు కావలెను. ఆంగ్ల లేఖను సభలో చదివినపుడు అందలి మాట ఏ మెట్టునకు చెందునో తీర్మాన పుస్తకమున వ్రాసికొని, సందేహమున్నచో పై కార్యాలయము నుండి వ్రాతమూలకముగా వివరణ కోరుట సభ్యులకు శ్రేయస్కరము.