చర్నాకోల మోగాల్సింది గాలిలో, ఎద్దు వీపు మీద కాదు

దమ్ముకూ దుక్కికీ ట్రాక్టర్లు వచ్చాక డెల్టాలో ఎడ్లు బాగా తగ్గాయి. అయినా గడ్డి, కొబ్బరికాయలు, ఎరువు తోలే బళ్లు పుంత దారుల్లో ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. తోలుతో చర్నాకోల అల్లే పనివాళ్లు మాత్రం అరుదైపోయారు. దాంతో కొందరు నైలాను తాడు ముక్కతో సరిపెట్టుకుంటే, ఇంకొందరు చివర మేకు దిగ్గొట్టిన ముల్లుగర్ర పట్టుకుంటున్నారు. నష్టం ఇక్కడే మొదలవుతుంది. ముల్లు గుచ్చిన చోట ఈగ వాలి పురుగు పడితే, ఆ పుండు మానేదాకా ఎద్దు పనికి రాదు. పైగా ముల్లుగర్ర వాడకూడదని బండి లాగే పశువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది.

చర్నాకోల కొట్టడానికి కాదు, చప్పుడు చేయడానికి. పిడి దగ్గర లావుగా మొదలై కొసకు పోయేకొద్దీ సన్నబడాలి. చేతి విసురు ఆ సన్నని కొసకు చేరేసరికి దాని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, అంటే శబ్దవేగాన్ని దాటుతుంది. 'ఛెళ్'మనే మోత అందువల్లే వస్తుంది, దేనికీ తగలక్కర్లేదు. ఆస్ట్రేలియాలో కంగారూ తోలు కొరడాలతో మందలు తోలేవాళ్ల కిటుకు కూడా ఇదే. మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున్న తాడు ఇలా మోగదు, దెబ్బే వేస్తుంది.

మోగించినా ఎద్దు కదలడం లేదా? బరువు ఎక్కువైందేమో, మెడ మీద కాడి ఒరిసిందేమో, గిట్టలో రాయి ఇరుక్కుందేమో చూడండి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి.

అల్లే తీరు

పదును చేసిన తోలే తీసుకోవాలి. పచ్చితోలు మన తేమకు మెత్తబడి కంపు కొడుతుంది. గొర్రె తోలు పొరలుగా ఊడుతుంది. మేక తోలు సన్నగా ఉండి గట్టిది, అల్లికకు బాగుంటుంది. పెద్ద పశువు తోలైతే వెన్ను వైపు ముక్క అడగండి. పొట్ట వైపుది సాగిపోతుంది.

పొడుగాటి తోలు లేదని బెంగ వద్దు. 10 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ముక్కను అంచు నుంచి లోపలికి చుట్టూ తిప్పుతూ అర సెంటీమీటరు వెడల్పున కోస్తే ఒకటిన్నర మీటర్ల పేట వస్తుంది. అలాంటివి నాలుగు కావాలి. చివరికి వచ్చేసరికి పేట వెడల్పు సగానికి తగ్గించాలి. ఇది మరిచిపోతే మిగతా పనంతా దండగే. పేటల్ని తడిపి, బరువు కట్టి వేలాడదీస్తే వంకర పోతుంది. కాస్త చెమ్మ ఉండగానే నాలుగు పేటల జడ అల్లాలి. అల్లికలో పొడవు తగ్గి రమారమి రెండున్నర మూరలు మిగులుతుంది. ప్రతి మడతనూ ఒకే బిగువున లాగాలి. వదులైన చోటే మొదట తెగుతుంది. తర్వాత చెక్క కింద పెట్టి దొర్లించి నీడలో ఆరనివ్వాలి. పిడికి వెదురైనా పేమైనా సరే. కొసకు జనుము పురికొస కుచ్చు కట్టండి.

వానాకాలం జాగ్రత్తలు

బురద అంటితే తడిగుడ్డతో తుడిచి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెట్టినా, పొయ్యి మీది అటకపై పెట్టినా తోలు పెళుసెక్కి పగులుతుంది. పూర్తిగా ఆరాక రెండు చుక్కల ఆముదం గుడ్డకు రాసి జడ పొడవునా రుద్దండి. మెత్తగా ఉంటుందని కొందరు ఆముదంలో నానబెడతారు. అలా చేస్తే బిగువు పోయి జడ సాగుతుంది. కిరసనాయిలు అసలే వద్దు. బూజు పడితే బయటికి తెచ్చి పొడిగుడ్డతో దులిపి గాలి తగలనివ్వాలి.

యూరియా బస్తాల దగ్గర పెట్టకండి. అవి చెమ్మ పీలుస్తాయి. మడిచి మూలన పడేస్తే మడత దగ్గర విరుగుతుంది. పిడితో మేకుకు తగిలించి, జడ నిలువుగా వేలాడేలా ఉంచండి. ఎలుకలు నూనె వాసనకు వస్తాయి కాబట్టి గోడకు జానెడు ఎడంగా ఉంటే మేలు.

మొదట అరిగేది కుచ్చే. అది పీచులుగా విడిపోగానే మార్చేయాలి, లేకపోతే ఆ అరుగుదల తోలుకు పాకుతుంది. అప్పటికే జడ కొస తెగి ఉంటే బెత్తెడు మేర విప్పి, ముడి వేసి, కొత్త కుచ్చు కడితే చాలు. చర్నాకోల మొత్తం పారేయక్కర్లేదు.