జపాన్‌లో రాజకీయ అవినీతి కేసులు: స్వల్ప శిక్షలు, ప్రజల స్పందన

చట్టం ముందు అందరూ సమానులేనన్న సూత్రాన్ని జపాన్ రాజ్యాంగం తన 14వ అధికరణంలో ప్రకటించింది. మన రాజ్యాంగంలో కూడ అదే సూత్రానికి లభించినది 14వ అధికరణమే. ఈ సంఖ్యాసామ్యం యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఆ సూత్రానికి ఎదురయ్యే పరీక్ష ఉభయ దేశాలలోను ఒక్కటే. సైకిలు దొంగిలించిన బీదవాడు బోనులో నిలిచినప్పుడు సమానత్వ సూత్రానికి పెద్ద చిక్కు రాదు. శాసనాలు చేసిన చేతులే అక్రమ ధనం పుచ్చుకొన్నవని తేలినప్పుడు ఎంత శిక్ష పడుతుంది, ఆ శిక్షను చూచి ప్రజలు ఏమనుకొంటారు అన్నచోటనే ఆ సూత్రం బరువు తేలుతుంది.

జపాన్ అనగానే మన విద్యార్థులకు శ్రమ, క్రమశిక్షణ, యుద్ధానంతరం ఆ దేశం సాధించిన పారిశ్రామిక ప్రగతి గుర్తుకు వస్తాయి. అదే దేశంలో అధికార పక్షానికీ పెద్ద వ్యాపార సంస్థలకూ మధ్య నడచిన ధనసంబంధాలు అనేక పర్యాయాలు న్యాయస్థానానికి ఎక్కాయి. అచ్చట విధింపబడిన శిక్షలు స్వల్పమని ప్రజలు భావించిన సందర్భాలను, ఆ భావన ఏ రూపాలు ధరించిందో, దాని వల్ల ఏమి ఒనగూడిందో ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

50 కోట్లకు 2 లక్షలు

ముందుగా 1992 నాటి కనెమారు కేసును తీసికొందాము. కనెమారు షిన్ అప్పటి అధికార లిబరల్ డెమొక్రటిక్ పార్టీకి ఉపాధ్యక్షుడు. ప్రధానమంత్రి పదవిని ఎన్నడూ చేపట్టకపోయినా ప్రధానమంత్రులను నిలబెట్టగల, దింపగల శక్తి ఆయనకు ఉండేది. టోక్యో సగావా క్యూబిన్ అనే సరుకు రవాణా సంస్థ నుండి తాను 50 కోట్ల యెన్‌లు పుచ్చుకొన్నట్లు 1992 ఆగస్టులో ఆయనే అంగీకరించి, పార్టీ పదవికి రాజీనామా చేశాడు.

తరువాత జరిగినదే ప్రజల సహనాన్ని పరీక్షించింది. విచారణకు రమ్మని ప్రాసిక్యూటర్లు కోరగా కనెమారు వెళ్లలేదు. ఒక లిఖితపూర్వక వాఙ్మూలం పంపి ఊరుకొన్నాడు. ప్రాసిక్యూటర్లు దానితోనే తృప్తిపడ్డారు. బహిరంగ విచారణ లేని సంక్షిప్త పద్ధతిలో కేసు ముగిసింది. విధింపబడిన జరిమానా 2 లక్షల యెన్‌లు. అనగా ఆయన పుచ్చుకొన్న మొత్తంలో రెండువేల ఐదువందలవ వంతు!

ఈ వార్త వెలువడగానే దేశమంతట ఆగ్రహం పెల్లుబికింది. టోక్యోలోని కసుమిగసెకి ప్రాంతంలో ప్రాసిక్యూటర్ల కార్యాలయపు పేరు చెక్కిన ఫలకంపై ఒక వ్యక్తి పసుపు రంగు కుమ్మరించాడు. స్థానిక సభలు అనేకం కనెమారు శాసనసభ్యత్వాన్ని వదలుకోవాలని తీర్మానాలు చేశాయి. అన్నిటికంటె గమనింపదగిన స్పందన ప్రాసిక్యూటర్ల శ్రేణి లోపలి నుండియే వచ్చింది. సప్పొరో ఉన్నత ప్రాసిక్యూటర్ల కార్యాలయాధిపతిగా ఉన్న సతో మిచియో, ఒక వ్యక్తికి ఇట్టి ప్రత్యేక మర్యాద జరిగిన తీరును విమర్శిస్తూ అసాహి షింబున్ పత్రికకు వ్యాసం వ్రాశాడు. పదవిలో ఉన్న అధికారి తన శాఖను బహిరంగంగా ప్రశ్నించడం ఆ దేశంలో అపూర్వమైన విషయం. ఆ సంవత్సరం అక్టోబరులో కనెమారు శాసనసభ్యత్వాన్ని కూడ వదలుకొన్నాడు.

శిక్ష ఎందుకు స్వల్పమైనది?

ఇచ్చట విద్యార్థులు నిదానించి ఆలోచింపవలసిన అంశం ఒకటి ఉన్నది. జనం కోపం ప్రాసిక్యూటర్ల మీద, న్యాయస్థానం మీద ప్రసరించింది. కాని ఆ 2 లక్షల యెన్‌ల జరిమానా న్యాయాధిపతి దయతో తగ్గించినది కాదు. రాజకీయ నిధుల నియంత్రణ చట్టం ప్రకారం ఒక వ్యక్తి ఒకే గ్రహీతకు సంవత్సరంలో 15 లక్షల యెన్‌లకు మించి ఇవ్వరాదు. ఆ పరిమితిని ఉల్లంఘించి పుచ్చుకొన్నందుకు నాటి చట్టం నిర్ణయించిన గరిష్ఠ శిక్షయే 2 లక్షల యెన్‌ల జరిమానా. ఆ నేరానికి కారాగారవాసమే లేదు. ఆ చట్టాన్ని చేసిన వారెవరు? శాసనసభ్యులే. ఎవరిని కట్టివేయడానికి త్రాడు పేనుతున్నారో వారే ఆ త్రాటి పొడవును నిర్ణయించుకొన్నారన్నమాట.

లంచం నేరం వేరు. జపాన్ శిక్షాస్మృతి ప్రకారం దానికి 5 సంవత్సరాల వరకు, ఏదో ఒక పని చేసిపెట్టుమనే కోరికతో ఇచ్చిన లంచమైతే 7 సంవత్సరాల వరకు కారాగార శిక్ష ఉన్నది. కాని లంచమని రుజువు చేయాలంటే ఇచ్చిన ధనానికీ గ్రహీత అధికార విధులకూ సంబంధం చూపాలి. 'ఇది రాజకీయ విరాళం మాత్రమే' అన్న వాదన ఇచ్చట నాయకులకు కోటగోడవలె నిలుస్తుంది.

మరొక కారణం శిక్ష అమలును నిలిపివేసే పద్ధతి. 3 సంవత్సరాలకు మించని కారాగార శిక్షను, 1 నుండి 5 సంవత్సరాల గడువు పెట్టి, ఆ కాలంలో మరల నేరం చేయకుండిన యెడల అమలు జరుపనక్కరలేదని న్యాయస్థానం ప్రకటింపవచ్చును. ఈ సౌలభ్యం రాజకీయ నాయకుల కొరకు పుట్టినది కాదు. తొలిసారి తప్పు చేసిన సామాన్యులకు కూడ జపాన్ న్యాయస్థానాలు దీనిని విరివిగా వర్తింపజేస్తాయి. కాని పదవి పోవడం, పరువు పోవడం 'సమాజం ఇదివరకే విధించిన శిక్ష'గా పరిగణింపబడినప్పుడు చిక్కు వస్తుంది. ఎక్కువ ఎత్తున ఉన్నవాడు పడినప్పుడు ఎక్కువ నష్టపోతాడు కనుక తక్కువ శిక్ష చాలునన్న తర్కం పొలం దున్నుకొనేవానికి, కూలి చేసికొనేవానికి రుచించదు. వానికి పోగొట్టుకొనడానికి అంత పెద్ద పదవి ముందే లేదు కదా!

కాలం చేసే క్షమ

శిక్షను స్వల్పం చేసేది అంకె ఒక్కటే కాదు. కాలవిలంబం కూడ ఆ పని చేస్తుంది. లాక్‌హీడ్ విమాన సంస్థ జపాన్ ప్రముఖులకు ధనమిచ్చినట్లు 1976 ఫిబ్రవరిలో అమెరికా సెనేటు ఉపసంఘం ముందు బయటపడింది. ఆ జులై 27న మాజీ ప్రధాని తనాకా కకుయే నిర్బంధింపబడినాడు. 50 కోట్ల యెన్‌ల లంచం కేసులో 1983 అక్టోబరు 12న టోక్యో జిల్లా న్యాయస్థానం ఆయనకు 4 సంవత్సరాల కారాగారవాసం, 50 కోట్ల యెన్‌ల వసూలు విధించింది. ఈ తీర్పు స్వల్పమైనది కాదు. అయినను అప్పీలు చేసికొని ఆయన జామీనుపై వెలుపలనే ఉన్నాడు. 1987లో ఉన్నత న్యాయస్థానం అదే తీర్పును ఖాయపరచింది. సుప్రీంకోర్టులో అప్పీలు పెండింగులో ఉండగానే 1993 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. నిర్బంధం నాటినుండి 17 సంవత్సరాలు గడచినా తీర్పు తుది రూపం పొందలేదు.

1988లో బయటపడిన రిక్రూట్ వ్యవహారం కూడ ఇట్టిదే. రిక్రూట్ సంస్థ తన అనుబంధ కంపెనీ వాటాలను, అవి బజారుకు రాకముందే, రాజకీయ నాయకులకూ అధికారులకూ అందజేసింది. ప్రధాని తకెషిత నొబొరు 1989లో పదవి వదలవలసి వచ్చింది. అయితే ఆ సంస్థ స్థాపకుడు ఎజోయె హిరోమాసాపై తీర్పు 2003 మార్చిలో గాని వెలువడలేదు. అది 3 సంవత్సరాల కారాగార శిక్ష, 5 సంవత్సరాల పాటు అమలు నిలుపుదల. మంత్రివర్గ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఫుజినామి తకావోకు కూడ చివరకు అమలు నిలిపిన శిక్షయే మిగిలింది. ఈ వార్త చదివిన యువకులలో చాలమంది ఆ వ్యవహారం నాటికి ప్రాథమిక పాఠశాలలో ఉండినవారై ఉంటారు.

బ్యాలెట్ పెట్టెలోని తీర్పు

ప్రజలు మరి ఏమి చేశారు? ఒక్క తీరుగా మాత్రం ప్రవర్తించలేదు. తనాకాపై తీర్పు వచ్చిన రెండు నెలలకు, 1983 డిసెంబరు 18న ఎన్నికలు జరిగినవి. అధికార పక్షం 511 స్థానాలలో 250 మాత్రమే గెలిచి స్వంత ఆధిక్యత కోల్పోయింది. కాని తనాకా స్వస్థలమైన నీగాతాలో ఓటర్లు ఆయనకు 2 లక్షల 20 వేలకు పైగా ఓట్లు వేసి అఖండ విజయం చేకూర్చారు. మంచులో కూరుకుపోయి శతాబ్దాలుగా వెనుకబడిన ఆ ప్రాంతానికి రోడ్లు, సొరంగాలు, అతివేగ రైలుమార్గం తెచ్చిన వ్యక్తిగా వారు ఆయనను చూచారు. దేశానికి నేరస్థుడు, ఊరికి ఉపకారి! ఈ వైరుధ్యాన్ని అజ్ఞానమని కొట్టివేయడం సులభం. ప్రభుత్వ ధనం న్యాయమార్గాన తమకు చేరదని నమ్మిన ప్రజలు, దానిని అడ్డదారిన తెచ్చిన నాయకునికి కృతజ్ఞులగుట సహజమని గ్రహించడం అంతకంటె ప్రయోజనకరం.

కనెమారు విషయంలో ప్రజాగ్రహం మరింత దూరం వెళ్లింది. 1993 మార్చిలో ఆయన పన్ను ఎగవేత నేరంపై నిర్బంధింపబడినాడు. సోదాలలో బంగారు కడ్డీలు, పేరు లేని బాండ్లు బయటపడ్డాయి. మూడు నెలలకు మియజావా ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం నెగ్గింది, అధికార పక్షం చీలింది. జులై ఎన్నికల పిదప ఆగస్టులో హొసొకావా మొరిహిరో ప్రధాని అయ్యాడు. దీనితో 1955 నుండి 38 సంవత్సరాలు ఎడతెగక సాగిన ఏకపక్ష పాలనకు తెరపడింది. 1994లో ఎన్నికల విధానం మారింది. పార్టీలకు ప్రభుత్వ నిధి నుండి, జనాభాలో తలకు 250 యెన్‌ల లెక్కన సహాయమిచ్చే పద్ధతి ఏర్పడింది. నిధుల చట్టంలోని శిక్షలు కూడ కఠినతరమైనాయి. అయితే కనెమారు మాత్రం తన విచారణ ముగియకుండానే 1996లో మరణించాడు.

ఆగ్రహానికి చట్టబద్ధమైన త్రోవ

జపాన్‌లో ప్రాసిక్యూటర్లు కేసు పెట్టకుండ వదలివేసినప్పుడు ఆ నిర్ణయాన్ని సమీక్షించే పౌరసంఘాలు 1948 నుండి ఉన్నవి. ఓటర్ల జాబితా నుండి చీట్లు తీసి ఎన్నుకొన్న 11 మంది సామాన్యులు ఇందులో సభ్యులు. వారి అభిప్రాయం పూర్వం సలహా మాత్రమే. 2009 నుండి ఆ సంఘం రెండు పర్యాయాలు 8 మంది ఆమోదంతో కోరితే అభియోగం మోపక తప్పదు.

దీని ప్రయోజనం హిరోషిమాలో కనిపించింది. 2019 ఎన్నికలలో ఓట్ల కొరకు ధనం పంచినందుకు మాజీ న్యాయశాఖ మంత్రి కవాయి కత్సుయుకికి 2021లో 3 సంవత్సరాల శిక్ష, అమలు నిలుపుదల లేకుండ, విధింపబడింది. ధనం పుచ్చుకొన్న 100 మంది స్థానిక ప్రముఖులను మాత్రం ప్రాసిక్యూటర్లు విడిచిపెట్టారు. పౌరసంఘం అందులో 35 మందిపై కేసు పెట్టవలెనని తీర్మానించింది. 2022 మార్చిలో 34 మందిపై అభియోగాలు దాఖలైనవి.

ఇదే సాధనానికి రెండవ ముఖం కూడ ఉన్నది. ఒజావా ఇచిరో అనే ప్రముఖ నాయకునిపై పౌరసంఘం నిర్ణయం వల్ల 2011లో కేసు నడచింది. 2012లో జిల్లా న్యాయస్థానం, తరువాత ఉన్నత న్యాయస్థానం ఆయనను నిర్దోషి అన్నవి. ప్రజల అనుమానం ఎంత బలమైనదైనా సాక్ష్యానికి ప్రత్యామ్నాయం కానేరదు. శిక్ష తక్కువైనదని కోపించే హక్కు మనకు ఉన్నది. నేరం రుజువు కాకున్నా శిక్షింపుమనే హక్కు ఎవరికీ లేదు.

పాత ప్రశ్న, క్రొత్త రూపం

2023 చివర అధికార పక్షంలోని వర్గాలు నిధి సేకరణ విందుల టిక్కెట్ల ఆదాయాన్ని లెక్కలలో చూపకుండ సభ్యులకు పంచినట్లు బయటపడింది. అబే వర్గం ఒక్కదానిలోనే 5 సంవత్సరాలలో చూపని మొత్తం సుమారు 67 కోట్ల యెన్‌లు. 2024 జనవరిలో కొందరు సభ్యులపైన, లెక్కలు వ్రాసిన ఉద్యోగులపైన అభియోగాలు వచ్చినవి గాని ఆ వర్గపు పెద్దలపై రాలేదు. ఆ వర్గపు గణకునికి సెప్టెంబరులో పడిన శిక్ష 3 సంవత్సరాలు, 5 సంవత్సరాల అమలు నిలుపుదల. చిన్న వ్యాపారులు ప్రతి రసీదు జాగ్రత్తపరచి ఆదాయపు లెక్కలు దాఖలు చేసే ఫిబ్రవరి, మార్చి మాసాలలోనే ఈ చర్చ సాగుటచే జనం మరింత మండిపడ్డారు. అక్టోబరు 27 ఎన్నికలలో అధికార కూటమికి 465 స్థానాలలో 215 మాత్రమే దక్కినవి. న్యాయస్థానం చేరని పెద్దలను ఓటరు చేరుకొన్నాడు.

ముగింపు

జపాన్‌లో శాసనసభ్యునికి కారాగార శిక్ష పడినా, తీర్పు తుదిరూపం పొందేవరకు సభ్యత్వం పోదు. మన దేశంలో 2013 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన లిలీ థామస్ కేసు తీర్పు తరువాత, 2 సంవత్సరాలు లేక అంతకు మించిన శిక్ష పడిన సభ్యుడు వెంటనే సభ్యత్వం కోల్పోతున్నాడు. ఏది మేలన్న విషయం విద్యార్థులు చర్చింపదగినది. పైకోర్టులో నిర్దోషిగా తేలినవానికి కోల్పోయిన కాలం తిరిగి రాదు. అప్పీళ్లతో కాలం గడిపినవానికి శిక్షయే రాదు.

మేము గ్రహించినంతలో జపాన్ అనుభవం మనకు బోధించేది ఇది. తీర్పు వెలువడిన నాటి కోపం తీర్పును మార్చలేదు, మార్చరాదు కూడ. ఆ కోపం మరునాటికి చల్లారితే ఫలకంపై పసుపు రంగు కడిగివేయబడుతుంది, అంతే. అదే కోపం చట్టంలోని ఏ వాక్యం వలన శిక్ష తగ్గినదో వెదకి, ఆ వాక్యం వ్రాసినవారిని ఎన్నికలలో నిలదీసినప్పుడు 1994 నాటి సంస్కరణల వంటివి పుడతాయి. వాటిలోనూ సందులు మిగులుతాయి, 30 ఏండ్ల తరువాత మరల ప్రశ్న లేస్తుంది. కనుక పౌరుడు చట్టం చదువుట నేర్వవలెను. కళాశాల విద్య వలన కలుగవలసిన ప్రయోజనాలలో ఇదియు ఒకటియని మా విశ్వాసం.