డ్రిల్లింగ్ మిషను ఆగితే పారవేయవలెనా?



తిరువలం నుండి కాట్పాడికో వేలూరుకో వెళ్లి కొత్త మిషను కొనుట సులభమే. కాని వడ్రంగి పనితో ఇల్లు నడుపుకొను సహోదరునికి ఆ డబ్బు కొన్ని దినముల కూలి. కావున కొనకముందే, పాతది ఎందుకు ఆగినదో తెలిసికొనవలెను.

1. మొదట ప్లగ్గు తీసివేయండి. ప్లగ్గును, వైరును చూడండి. వైరు మిషనులోనికి వెళ్లు చోట మాటిమాటికి వంగును గనుక, పైకి బాగున్నను లోపల తెగియుండవచ్చును.

2. వైరుతో నడిచే అనేక డ్రిల్లింగ్ మిషనులలో రెండు కార్బన్ బ్రష్షులుండును. స్ప్రింగులు వాటిని తిరిగెడు కమ్యుటేటరుపై అదిమి పట్టగా మోటారుకు కరెంటు అందును. అవి వాడకములో అరిగిపోవును. అప్పుడు నిప్పురవ్వలు ఎక్కువగును. మిషను ఆగి ఆగి తిరుగును. అదే కొలత బ్రష్షులను తెచ్చి, రెండింటిని కలిపి మార్చవలెను.

3. కాలిన వాసన వచ్చినను, షాకు కొట్టినను మీరు విప్పవద్దు. వైండింగు కాలియుండవచ్చును. మెకానిక్కుకు చూపి, ఖర్చు ముందే అడగండి. అది కొత్తదాని వెలకు దగ్గరైతే అప్పుడు కొత్తది కొనుటే మేలు.

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించినది. మరమ్మతు వివరములు కొనినవారికి అందవలెనన్నదే దాని ఉద్దేశము.

ఆలోచించండి: "పోయినది" అని మీ అటకపై పెట్టిన వస్తువులెన్ని? వాటిలో నిజముగా పోయినవెన్ని?