నకలు ఎవరెవరికి?

సెలవు చీటీ మొదలు ప్రాజెక్టు రిపోర్టు దాకా మనకిప్పుడు అన్నీ ఈమెయిల్ మీదనే నడుస్తున్నాయి. విషయం రాయడానికి గంటసేపు ఆలోచిస్తాం గాని, పైన చిరునామాలకున్న మూడు గళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. టు, సిసి, బిసిసి. వీటిని గురించి నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదటిది తేలిక. జవాబు ఎవరివ్వాలో వారి చిరునామా 'టు'లో రాయాలి. సిసి అంటే కార్బన్ కాపీ. టైపు మిషనులో కాగితాల మధ్య కార్బన్ పెట్టి నకలు తీసిన రోజుల పేరు అది. మాది వ్యవసాయ కుటుంబం. పొలం కొలతల విషయమై మా నాన్నగారికి వచ్చిన నోటీసు అడుగున "నకలు: సర్వేయరు గారికి" అని వుండేది. సర్వేయరు జవాబు రాయనక్కర్లేదు, తెలిస్తే చాలు. ఆయనకు తెలుసునని మా నాన్నగారికీ తెలుస్తుంది. సిసి సరిగ్గా అంతే.

చిక్కంతా బిసిసితోనే. బ్లైండ్ కార్బన్ కాపీని గుడ్డి నకలు అంటే నవ్వొస్తుంది, చాటు నకలు అందాం. 1977లో అర్పానెట్ వారు రాసుకున్న ఆర్.ఎఫ్.సి. 733 అనే నియమావళిలోనే ఈ మూడూ వున్నాయి. ఉత్తరానికి పైన కవరు, లోపల కాగితం వున్నట్టే ఈమెయిల్‌కూ రెండు పొరలు. సర్వర్లు కవరు మీది చిరునామా చూసి బట్వాడా చేస్తాయి. మనం చదివేది లోపలి కాగితం. టు, సిసి చిరునామాలు రెండుచోట్లా వుంటాయి. బిసిసి చిరునామా కవరు మీద వుంటుంది గాని, తోటివారికి చేరే కాగితం మీద కనబడదు.

ఇంత చిన్న గడికి ఇంత పాఠమా అంటారేమో! 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైంది. ఆ సెప్టెంబరులో బ్రిటిష్ రక్షణశాఖ, తమతో పనిచేసిన ఆఫ్ఘన్లకు తరలింపు విషయమై ఈమెయిల్ పంపింది. చిరునామాలన్నీ బిసిసిలో కాక 'టు'లో పెట్టారు. అలాంటివే మరి రెండు ఉత్తరాలు బయటపడి, మొత్తం 265 చిరునామాలు ఒకరివొకరికి తెలిసిపోయాయి. కొందరి ఫోటోలు కూడా కనబడ్డాయి. ఒకరైతే అందరికీ జవాబు కొట్టి తానెక్కడున్నదీ చెప్పేశారు. తాలిబన్ల చేతిలో పడితే ప్రాణాలే పోవచ్చునని అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2023 డిసెంబరులో మూడున్నర లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఇంత రహస్యమైన విషయానికి బిసిసి కూడా చాలదు, ఎవరిది వారికి విడిగా వెళ్ళాలి.

మనకు అంత ప్రమాదం లేదు. అయినా స్కాలర్‌షిప్పు రానివారి జాబితా అరవైమందికీ కనబడితే ఆ పిల్లవాడికి ఎలా వుంటుంది? అలాంటప్పుడు 'టు'లో మన చిరునామా, మిగతావన్నీ బిసిసిలో పెట్టాలి. నలుగురం కలిసి చేసే ప్రాజెక్టుకు మాత్రం బిసిసి పనికిరాదు, ఒకరి మాట ఒకరికి అందదు. స్నేహితుడికి ఘాటుగా రాస్తూ చాటుగా లెక్చరరు గారికి నకలు పంపడం మటుకు నాకు నచ్చదు. చెప్పేదేదో సిసిలోనే చెప్పవచ్చు. పైగా ఆయన పొరపాటున 'రిప్లై ఆల్' నొక్కితే గుట్టు రట్టే!

నేనయితే విషయమంతా రాసి, జతపరచవలసినవి జతపరచి, ఆఖరున చిరునామాలు నింపుతాను. అందాకా ఆ మూడు గళ్ళూ ఖాళీయే.