నాటకం – తొలి రంగం

సంగనకల్లు పొరుగున ఉన్న బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటక సమాజాలను నడిపారు. తెర లేవగానే ప్రేక్షకుణ్ణి ఆకట్టుకోవడం ఏ నాటకకర్తకైనా పరీక్షే.

సంస్కృత నాటకాల్లో నాంది ముగిశాక సూత్రధారుడు వచ్చి కవినీ, నాటకాన్నీ పరిచయం చేస్తాడు. గురజాడ అప్పారావు 1909 నాటి 'కన్యాశుల్కం'లో ఈ పద్ధతిని విడిచిపెట్టారు. విజయనగరంలోని బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా తనలో తాను మాట్లాడుకుంటూ కనిపిస్తాడు. సామాన్ల కోసం పూటకూళ్ళమ్మ ఇచ్చిన ఇరవై రూపాయలు సొంతానికి వాడుకున్నాడు. ఇక ఊళ్ళో నిలవలేడు. చోటు, మనిషి, చిక్కు మూడూ ఒక్కసారే తెలిశాయి. ఇతడు ఎలా తప్పించుకుంటాడన్న కుతూహలమే మనల్ని కూర్చోబెడుతుంది.

మీరు నాటిక రాసేటప్పుడు మొదటి మాటల్లోనే పాత్రకు వచ్చిన చిక్కును తెలియజేయండి. పరిచయాలు వాటంతటవే జరిగిపోతాయి.